మా అన్నయ్య స్కానింగు ఫిల్ములో నేను చూసింది

ఈ వారం దాళ్వాలో జింకు లోపం గురించి రాస్తానన్నాను. అది తర్వాత చూద్దాం. ఇవాళ మా ఇంటి సంగతి ఒకటి రాయాలి. పెద్ద పోస్టే, ఓపిక చేసుకుని చదవండి. బీపీ మాత్ర వేసుకోవాల్సి ఉండీ వేసుకోకుండా తిరిగేవాళ్లు మనలో చాలామంది ఉన్నారని నాకు తెలుసు. ఎందుకంటే పోయిన ఏడాది దాకా నేనూ అందులో ఒకణ్ణే.

సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజున మా వదిన ఫోను చేసింది. "మీ అన్నయ్య మాత్రలు మానేసి నెల దాటిందయ్యా. అడిగితే బాగానే ఉన్నాను కదా అంటున్నారు. నువ్వొచ్చి చెప్పు" అంది.

బాగానే ఉన్నాడు, అది నిజమే. కర్ర పట్టుకుని కాలువ గట్టు దాకా నడుస్తున్నాడు. మాట కాస్త ముద్దగా వస్తుంది గానీ అర్థమవుతుంది. కుడిచేత్తో అన్నం కలుపుకుంటున్నాడు. పండక్కి వచ్చిన చుట్టాలందరూ కూడా "నీకేంటి, నిక్షేపంలా ఉన్నావు" అని వెళ్లారు. ఆ మాటే మా కొంప ముంచేలా ఉందని నా భయం.

మొదటి నుంచీ చెబుతాను. పోయిన ఏప్రిల్లో, దాళ్వా కోతలప్పుడు. మా అన్నయ్య అయిదింటికి లేచి గేదె పాలు తీశాడు. అయిదున్నరకి టీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. నోరు ఒక పక్కకి లాగింది. మాట తడబడింది. అప్పుడు నేనేం చేశానో దాచుకోకుండా రాస్తున్నాను. ఎండలకి నీరసం అనుకున్నాను. ఊళ్లో ఆర్‌ఎంపీ గారిని పిలిచాను. సెలైను పెట్టారు. ఈలోగా కోత మిషను వచ్చింది. ఆకాశం మబ్బుగా ఉంది, మిషను ఇవాళ వదులుకుంటే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదు. నేను చేలోకి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి అన్నయ్య కుడిచెయ్యి మంచం మీంచి కిందకి వేలాడుతోంది. ఎత్తమంటే ఎత్తలేకపోతున్నాడు. అప్పుడు కారు మాట్లాడి రాజమండ్రి తీసుకెళ్లాం. ఆసుపత్రి గడప తొక్కేసరికి పదకొండు.

అక్కడ డాక్టరు గారు మొదట అడిగిన మాట, "ఈయన బాగా ఉండగా చివరిసారి ఎప్పుడు చూశారు?" అయిదున్నర అన్నాను. ఆయన గోడ గడియారం వంక చూశారు, ఏమీ అనలేదు. తర్వాత తెలిసింది. గడ్డ కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలట. మేము ఒక గంట ఆలస్యం. ఆ గంట ఎక్కడ పోయిందో నాకు తెలుసండి. కోత మిషను దగ్గర పోయింది.

ముందు సీటీ స్కాన్ తీశారు. ఎందుకంటే పక్షవాతం రెండు రకాలు. మెదడులో రక్తనాళం మూసుకుపోయి అవతలికి రక్తం అందకపోవడం ఒకటి. నాళం చిట్లి రక్తం బయటికి రావడం రెండోది. మనం కాలువ పూడిపోవడం, గండి పడటం అంటామే, అలాగ. పైకి చూస్తే రెండిటికీ ఒకటే లక్షణం, మూతి వంకర, చెయ్యి పడిపోవడం. వైద్యం మాత్రం ఒకదానికొకటి ఎదురు. గండి పడ్డవాడికి గడ్డ కరిగించే మందు ఇస్తే ప్రాణం పోతుంది. నాడి పట్టుకుని చెప్పగలిగింది కాదు ఇది. సీటీలో రక్తస్రావం తెల్లగా వెంటనే కనిపిస్తుంది. పూడిపోయిన రకం మొదటి గంటల్లో ఒక్కోసారి ఏమీ కనిపించకుండా ఉంటుంది. "స్కానింగులో ఏం లేదన్నారు" అని ఇంటికి తీసుకొచ్చేసిన వాళ్లని చూశాను. ఏం లేదంటే గండి లేదని. పూడిక లేదని కాదు.

ఈ సీటీ మిషను కనిపెట్టిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ గారు ఇంగ్లండులో రైతు బిడ్డండి. చిన్నప్పుడు పొలంలో గడ్డివాముల మీంచి సొంతంగా చేసిన గ్లైడరుతో దూకేవాడట. 1971 అక్టోబరులో లండన్లో మొదటిసారి మనిషి తల తీశారు, 1979లో నోబెల్ ఇచ్చారు. అంతకు ముందు బతికున్న మనిషి మెదడు కపాలం విప్పకుండా ఇంత స్పష్టంగా చూసే దారి లేదు. 1927లో పోర్చుగల్లో ఈగాస్ మోనిజ్ అనే డాక్టరు మెడలోని నాళంలోకి మందు ఎక్కించి ఎక్స్‌రేలో మెదడు రక్తనాళాలు చూపించాడు గానీ, దాంట్లో కనిపించేది నాళాలే, మెదడు కాదు.

మా అన్నయ్యకి వెంటనే చేతి నరంలో రంగు మందు ఎక్కించి ఇంకో స్కాన్ తీశారు. సీటీ యాంజియోగ్రామ్ అంటారు. మెడ దగ్గర నుంచి తల దాకా పెద్ద నాళాలు చెట్టు కొమ్మల్లా కనిపించాయి. పెద్దది ఏదైనా మూసుకుంటే తొడ దగ్గర నుంచి సన్న తీగ పంపి గడ్డ లాగేస్తారట. ఇక్కడో మాట గుర్తు పెట్టుకోండి. "ఎలాగూ ఆలస్యం అయిపోయింది, ఇంకెందుకు" అని ఎవరూ ఇంట్లో ఉండిపోవద్దు. ఆగిపోయిన చోట మధ్యలో కొంత మెదడు చచ్చిపోతుంది, దాని చుట్టూ కొంత చావకుండా ఆకు చుట్టుకున్న వరిలా ఉంటుంది. నీరు తగిలితే లేస్తుంది. అది ఎంత ఉందో కూడా ఇప్పుడు స్కాన్‌లో కొలుస్తున్నారు. అలా కొలిచి ఎంచుకున్న కొందరికి 24 గంటల దాకా కూడా గడ్డ లాగితే మేలు జరుగుతుందని 2018లో తేలింది. అందరికీ కాదు, ఫిల్ము చూసి చెప్పాలి. అలాగని తాపీగా వెళ్లమని కాదండోయ్. పెద్ద నాళం మూసుకుంటే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని లెక్క కట్టారు.

మా అన్నయ్యకి పెద్ద నాళాలన్నీ తెరిచే ఉన్నాయి. లాగడానికి గడ్డ లేదు. పోయింది చిన్నది. అంత చిన్నదైతే మంచిదే కదా అనుకున్నాను అప్పుడు.

మర్నాడు ఎంఆర్ఐ తీశారు. దానికి అయిన డబ్బు నాలుగైదు బస్తాల ధాన్యం. మంచం గొట్టంలోకి వెళ్తుంది, లోపల రోడ్డు తవ్వుతున్నంత చప్పుడు. సాయంత్రం డాక్టరు గారు ఫిల్ము లైటు ముందు పెట్టి నన్ను పిలిచారు. ఎడమవైపు లోతుగా మినపగింజంత తెల్లటి మెరుపు. "ఇది నిన్నటిది" అన్నారు. ఎడమ మెదడు చెడితే కుడి చెయ్యి పడిపోతుందని అప్పుడే తెలిసింది నాకు. తర్వాత ఇంకో బొమ్మ చూపించారు. లోతుగా రెండు చోట్ల చిన్న చిన్న గుంటలు. "ఇవి నిన్నటివి కావు. పాతవి. ఈయనకి ఇంతకు ముందే రెండుసార్లు వచ్చింది. మీకు తెలీదా?"

తెలీదన్నాను. తర్వాత ఆ వరండాలో కూర్చుంటే గుర్తొచ్చింది. అంతకు రెండేళ్ల ముందు సార్వా ఊడ్పులప్పుడు, బోదె గట్టు మీద పార పట్టుకుని నిలబడ్డవాడు పార వదిలేశాడు. చెయ్యి మొద్దుబారిందిరా అన్నాడు. పది నిమిషాలకి సర్దుకుంది. చుట్ట వెలిగించుకున్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం, వయసైపోతోంది అని. ఆ రోజు దానికీ ఆ గుంటల్లో ఒకదానికీ సంబంధం ఉందో లేదో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కానీ నాకు ఆ పార కింద పడ్డ చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. రెండో గుంట ఎప్పుడు పడిందో ఎవరికీ తెలీదు, ఆయనకి కూడా. చాలామందికి అలా తెలియకుండానే వస్తాయట.

ఆ గుంటలు కాకుండా ఇంకో రెండు రకాలు చూపించారు. తెల్ల మబ్బు తునకల్లాంటి మచ్చలు, అక్కడక్కడ నల్ల చుక్కలు. తెల్లవి ఏళ్ల తరబడి రక్తం సరిగా అందక పాడైన చోట్లు. నల్లవి చీమ తలంత నాళాలు చెమ్మగిల్లి రక్తం ఊరిన గుర్తులు. పక్షవాతానికి రక్తం పలచబరిచే మాత్ర ఏది ఇవ్వాలి, ఎన్నాళ్లివ్వాలి అన్నది తేల్చేటప్పుడు ఆ నల్ల చుక్కలు కూడా చూస్తారట. కాబట్టి పక్కింటాయన మాత్రల పేరు రాయించుకుని మనం కొనుక్కోవడం మానేద్దాం. ఆయన తల వేరు, మన తల వేరు.

నాకు ఇదంతా డాక్టరు గారి మాటల్లో సగమే ఎక్కింది. మిగతా సగం మన కాలువల వల్ల ఎక్కింది. మీకూ అలాగే చెబుతాను.

మెదడు బరువు మన ఒంట్లో నూటికి రెండు వంతులు. తాగే రక్తం మాత్రం గుండె పంపేదాంట్లో అయిదో వంతు దాకా. దాళ్వా వరి లాంటిదన్నమాట, తడి ఆరకూడదు. మెడలోంచి నాలుగు పెద్ద నాళాలు పైకి వెళ్తాయి. అవి మెదడు అడుగున ఒక చుట్టులా కలుసుకుంటాయి. 1664లో థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు డాక్టరు ఆ చుట్టు సంగతి వివరంగా రాశాడు. ఒక వైపు నుంచి నీళ్లు తగ్గితే ఇంకో వైపు నుంచి ఎక్కించుకునే ఏర్పాటు. అందరికీ ఆ చుట్టు పూర్తిగా ఉండదు, అది వేరే సంగతి. మా అన్నయ్యకి పోయింది ఈ చుట్టులో కాదు. పెద్ద నాళం మీంచే నేరుగా లోపలికి దూరే సన్న నాళాల్లో. అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటాయి. ధవళేశ్వరం నుంచి వచ్చే పెద్ద కాలువ మీదే నేరుగా చిన్న తూము పెట్టినట్టు. పిల్ల కాలువలోకి మళ్లి, మలుపులు తిరిగి, వేగం తగ్గిన నీళ్లు కావు దానికి వచ్చేవి. పెద్ద కాలువ ఒత్తిడి మొత్తం దాని మూతి మీదే. బీపీ ఎక్కువైతే ముందు దెబ్బ తినేది అదే. గోడలు మందమై, బిరుసెక్కి, లోపలి దారి సన్నబడిపోతుంది. పైగా అలాంటి నాళానికి జోడీ లేదు. అది మూసుకుంటే ఆ చేనుకి ఇంకో బోదె లేదు.

అందుకే "చిన్నదే కదా" అనుకోవడం తప్పయింది. అక్కడి నుంచే చేతికీ కాలికీ వెళ్లే తీగలన్నీ కట్టగా కిందికి దిగుతాయి. మినపగింజంత చోటు పోతే చెయ్యి మొత్తం పోతుంది.

ఇంకో సంగతి. ఆ సన్న నాళాలు మామూలు ఎంఆర్ఐలో కనిపించవట. కనిపించేది అవి పాడుచేసిన చోటు మాత్రమే. మనం రోడ్డు మీంచి చూసి "అక్కడ శివారు చేను ఎర్రబారింది, బోదె పూడి ఉంటుంది" అంటాం చూడండి, డాక్టర్లు చేస్తున్నదీ అదే. చేను చూసి కాలువ సంగతి చెప్పడం. కాలువనే నేరుగా చూడగలిగితే బాగుంటుంది కదా? దాని మీద ఇప్పుడు పని జరుగుతోంది. స్కాట్లండులో ఎడిన్‌బరోలో జొవానా వార్డ్‌లా గారి బృందం చిన్న పక్షవాతం వచ్చి కోలుకున్నవాళ్లని ఎంఆర్ఐలో పడుకోబెట్టి, కాసేపు మామూలు గాలి, కాసేపు కార్బన్ డయాక్సైడ్ కొంచెం కలిపిన గాలి పీల్పించి చూస్తోంది. ఆ వాయువు తగిలితే మెదడు నాళాలు విప్పారాలి, రక్తం ఎక్కువ పారాలి. ఆ తేడా ఫిల్ము మీద తెలుస్తుంది. తెల్ల మచ్చలు ఎక్కువున్న వాళ్లలో నాళాలు తక్కువ విప్పారుతున్నాయి. లాకు తలుపు ఇంకో అడుగు ఎత్తి బోదెలో నీరు పెరిగిందా లేదా చూడటం లాంటిది. బాగున్న బోదె నిండుతుంది. పూడిన బోదెలో ఎంత ఎత్తినా అంతే. ఇది ఇంకా పరిశోధనే, మన ఊళ్ల దాకా వచ్చే పరీక్ష కాదు. కానీ చేను ఎండకముందే బోదె సంగతి తెలుసుకోవచ్చన్న ఆలోచన నాకు నచ్చింది.

ఇదేదో పట్నం వాళ్ల జబ్బు అనుకోకండి. 2003-04లో మన ఉభయ గోదావరి జిల్లాల్లోనే 45 ఊళ్లలో, సుమారు 1,80,000 మంది జనంలో, ఏడాదిలో పోయినవాళ్లందరి లెక్కా తీశారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్ అని దాని పేరు. ఇంటింటికీ వెళ్లి పోయినవాళ్ల మనుషులని అడిగి రాసుకున్నారు. 1,354 మరణాల్లో నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అందులో గుండెపోటు, పక్షవాతం ఇంచుమించు సమానం. అంటు జబ్బులు నూటికి 12. అప్పుడు మనమంతా దోమల గురించి, నీళ్ల గురించి మాట్లాడుకుంటున్నాం. అడిగి రాసుకున్న లెక్క కాబట్టి ఎవరి తలలో ఏముందో అందులో లేదు. తల లోపలి సంగతి హైదరాబాదు నిమ్స్ వాళ్లు చూశారు. డాక్టర్ సుభాష్ కౌల్ గారు వాళ్లు అక్కడ పక్షవాతం రోగుల రిజిస్టరు పెట్టి 2002లో అచ్చు వేయించారు. తెల్లవాళ్లలో మెడ నాళాల్లో కొవ్వు పేరుకోవడం ఎక్కువ, మన రోగుల్లో తల లోపలి నాళాలే ఎక్కువగా సన్నబడుతున్నాయని అందులో తేలింది. మెడ దగ్గర డాప్లర్ తీసి బాగుందన్నంత మాత్రాన సరిపోదన్నమాట.

ఇప్పుడు నా సంగతి. మా అన్నయ్యకి ఆ గుంటలు చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఒకే అమ్మ, ఒకే ఆవకాయ, ఒకే చుట్ట. నాకూ ఎంఆర్ఐ తీయండి అని డాక్టరు గారిని అడిగాను. ఆయన నా జబ్బకి పట్టీ కట్టి బీపీ చూశారు. 170, 100. "మీకు స్కాన్ ఎందుకండీ? మీ ఫిల్ములో ఏమున్నా నేను ఇచ్చేది ఈ మాత్రే. ఆ డబ్బులో కొంత పెట్టి ఒక బీపీ మిషను కొనుక్కోండి" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. స్కాన్ చేయించుకోమని తరిమే కాలంలో వద్దన్న డాక్టరు దొరికాడు. తలనొప్పి వచ్చిన ప్రతివాళ్లూ ఎంఆర్ఐకి పరిగెత్తమని ఈ పోస్టు రాయడం లేదండి. తెలిసిందేంటంటే ఫిల్ము మీద కనిపించేసరికి ఆలస్యం అయిపోయినట్టే, అంతకు ముందు కనిపించేది బీపీ మిషను అంకెలే.

ఆ అంకె దించితే ఫిల్ములో తేడా వస్తుందా అని నాకో అనుమానం ఉండేది. వస్తుందట. అమెరికాలో పై బీపీ 120 లోపు ఉంచినవాళ్లకీ, 140 లోపు ఉంచినవాళ్లకీ మొదట ఒకసారి, సుమారు నాలుగేళ్లకి ఇంకోసారి ఎంఆర్ఐ తీశారు. 2019లో అచ్చయింది. తెల్ల మచ్చలు ఇద్దరికీ పెరిగాయి. 140 వాళ్లకి సగటున 1.45 ఘనపు సెంటీమీటర్లు, 120 వాళ్లకి 0.92. అంటే పోయింది తిరిగి రాలేదు, పోయేది తగ్గింది. పక్షవాతం అప్పటికే వచ్చినవాళ్లని ఆ పరీక్షలో తీసుకోలేదు, అది కూడా చెప్పాలి. మనకి ఎంత ఉండాలో మన డాక్టరే చెప్పాలి, ఈ అంకె చూసి ఎవరూ మాత్రలు పెంచేసుకోవద్దు.

వదిన ఫోను చేసిన సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తగువు పెట్టుకోవాలనే వెళ్లాను. అరుగు మీద కూర్చున్నాడు. "నేను బాగానే ఉన్నాను గదరా. ఆ మాత్రలు వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయి" అన్నాడు. కళ్లు తిరిగితే డాక్టరుకి చెప్పి మార్పించుకోవాలి గానీ మానేస్తారా అని నేను గట్టిగా అన్నాను. వినలేదు. మా నాన్న ఏ మాత్ర వేసుకోకుండా డెబ్భై రెండేళ్లు బతికాడన్నాడు. మా నాన్న ఆఖరి రెండేళ్లు మనుషుల పేర్లు మర్చిపోయి, కాళ్లు ఈడ్చుకుంటూ నడిచాడు. ముసలితనం అనుకున్నాం. ఆయనకి స్కాన్ ఎవరు తీశారు? సన్న నాళాలు చెడినవాళ్లకి మతిమరుపు, నడక తడబాటు రావడం మామూలేనని డాక్టరు గారు చెప్పారు. అది గుర్తొచ్చి నేను ఇంక ఏమీ మాట్లాడలేకపోయాను.

వదినే లోపలికి వెళ్లి పరుపు కింద దాచిన ఫిల్ము కవరు తెచ్చింది. ఏప్రిల్ నుంచి మా అన్నయ్య దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు, చూడనివ్వలేదు మేము, భయపడతాడని. కిటికీకి అడ్డంగా పట్టుకుని చూపించాను. ఇది మొన్నటిది. ఈ గుంట పాతది, బోదె గట్టు మీద పార పడిపోయిందే, బహుశా అప్పటిది. ఇది ఎప్పటిదో నీకూ తెలీదు. ఈ తెల్లవన్నీ నీళ్లందని చేలు.

చాలాసేపు చూశాడు. ఎడంచేత్తో ఫిల్ము పట్టుకుని, కుడిచేతి వేలితో ఆ తెల్ల మచ్చలు లెక్కపెట్టబోయి మానేశాడు.

"ఇవి పోతాయా?" అన్నాడు.

"పోవన్నారు. పెరక్కుండా చూసుకోవాలి."

"నీ బీపీ ఎంతుంది?"

పొద్దున మాత్ర వేసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది నాకు. పొలం వెళ్లే తొందరలో మర్చిపోయాను. అదే చెప్పాను. మా వదిన ఇద్దరినీ కలిపి తిట్టింది.

మర్నాడు అన్నయ్యని కారులో రాజమండ్రి తీసుకెళ్లాను. కళ్లు తిరుగుతున్నాయని చెబితే మాత్ర మార్చారు. మూడు వారాలైంది, వేసుకుంటున్నాడు. రోజూ సాయంత్రం మా మిషనుతో ఇద్దరం చూసుకుని నోటు పుస్తకంలో రాసుకుంటున్నాం. నిన్న ఆయనది 136, నాది 144. నాకంటే తక్కువ వచ్చిందని వదినకి చెప్పుకుని మురిసిపోతున్నాడు.

మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా టైము చూసుకుని 108కి ఫోను చేయండి. కోత మిషను మళ్లీ వస్తుంది. ఇవాళ రాత్రి మా బోదెకి వంతు నీళ్లు, పదింటికల్లా తూము దగ్గర ఉండాలి. జింకు సంగతి వచ్చే వారం రాస్తాను. ఉంటానండి.